తొంభయ్యో మెట్టు

నా క్రేన్ క్యాబిన్‌కి నూట ముప్పై రెండు మెట్లు.
తొంభయ్యో మెట్టు దగ్గర ఊపిరి అందదు.
అక్కడ ఆగి చానెల్ వైపు చూడటం అలవాటు.
మొదటిసారి దాన్ని పైనుంచి చూసిందీ అక్కడే.

గద్ద వీపు చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు?
కిందివాళ్లకి అదొక తెల్లటి పొట్ట, అంతే.
నాకు మాత్రం తడిసిన పలక రంగు,
వాన ముందు డాల్ఫిన్ నోస్ కొండ రంగు.

నా బారకన్నా జానెడు ఎక్కువ దాని రెక్కలు.
తేలేటప్పుడు వాటిని చదునుగా ఉంచదు,
చీర మడతపెట్టే ఇద్దరాడవాళ్లు
చెరో కొంగూ పట్టి పైకెత్తినట్టు ఉంచుతుంది.
తోక పొట్టి.
అరుపు సంగతి చెప్పకపోతేనే మర్యాద.
అంత రాజసమున్న ముక్కులోంచి
గొంతు పట్టేసిన బాతు పలుకుతుంది.

మెళ్లో దుర్భిణితో ఓ కాలేజీ కుర్రాడొచ్చి
‘తెల్లపొట్ట సముద్రపు గద్ద’ అని రాసుకున్నాడు.
ఫిషింగ్ హార్బర్‌లో వల కుడుతున్న కొర్లయ్య నవ్వాడు:
“పొట్ట సూసి పేరెడతారేటి?
పని సూసి పెట్టాల. పాములగెద్దది.
సంద్రప్పాము పైకి తేల్తే సాలు, తాడు లాగినట్టు లాక్కుపోద్ది.”

నిజమే. ఓ తెల్లారి, సైరన్‌కి ముందు,
దాని కాళ్లకింద మెలికలు తిరిగే తాడుని చూశాను.
నా కొక్కెం కన్నా శుభ్రమైన పట్టు.
మాకు సిగ్నల్ ఇచ్చేవాడున్నాడు, బరువుల పట్టీ ఉంది,
అయినా నెలకో బస్తా జారుతుంది.

నీళ్లలో మునగదు. కాళ్లు మాత్రం తడుపుకుంటుంది,
పుష్కరాలకొచ్చి భయపడ్డవాడిలా.
దొంగబుద్ధీ ఉంది.
గరుడపక్షి పట్టిన చేపని వెంటపడి వదిలిస్తుంది,
దేవుడి వాహనమని కూడా చూడదు.

గాలి తిరిగిన రోజున ఇనుపఖనిజం దుమ్ము లేస్తుంది.
పాతపట్నం దండేల మీది బట్టలకీ,
నా చొక్కా కాలరుకీ, దాని పొట్టకీ ఒకటే ఎరుపు.
చొక్కా అచ్చియ్యమ్మ ఉతుకుతుంది.
దాని పొట్టకి వాన రావాలి.

యారాడ దారిలో ఒంటి నీలగిరి మీద ఉండేది గూడు.
ఏటా నాలుగు పుల్లలు చేర్చి చేర్చి
నులకమంచమంత చేసింది.
హుద్‌హుద్ వచ్చిన ఆదివారం
గూడూ పోయింది, చెట్టూ పోయింది,
నా క్యాబిన్ అద్దాలూ పోయాయి.
ఆ పేరు ఓ పిట్టదట, తలమీద కుచ్చున్న చిన్న పిట్ట.
ఎవరికి తోచిందో!

ఊళ్లో కరెంటు లేదు. పాలకి క్యూ.
గద్దలు రెండూ బెర్తు చివర, పని మానేసిన పాత క్రేన్ మీద
ఎడమెడంగా కూర్చున్నాయి.
కొన్నాళ్లకి ఒకటి పుల్ల తెచ్చింది. జారిపడింది.
మళ్లీ తెచ్చింది. పడింది.
ఇనుముకి కొమ్మలెక్కడివి?
కింద నలభైమూడు పుల్లలు లెక్కపెట్టి మానేశాను.
ఆ తర్వాత నీలం నైలాన్ తాడు ముక్క తెచ్చింది,
కొర్లయ్య వలదే అయ్యుంటుంది.
ఇనుముకి తాడు పట్టింది. తాడుకి పుల్ల పట్టింది.

ఇన్నేళ్లకి ఆ క్రేన్‌ని స్క్రాపుకి వేలం వేశారు.
నోటీసులో టన్నులున్నాయి, బూమ్ పొడవుంది,
పైనున్న కాపురం లేదు.
పాడుకున్న గాజువాక షావుకారు మనిషి అడిగాడు,
“పైన ఏమన్నా ఉందా?”
“ఎక్కి చూడు” అన్నాను.
ముప్పయ్యో మెట్టు దగ్గర కిందికి చూసి
దిగొచ్చేశాడు.
ఉగాది ముందు గ్యాస్‌కట్టర్లతో వస్తాడట.

పిల్ల ఇంకా గోధుమరంగే,
తెల్లబడాలంటే నాలుగైదేళ్లు.
గూడు అంచున నిలబడి రెక్కలు విదిలిస్తుంది.
తీరా గాలి వస్తే కూర్చుండిపోతుంది.

రోజూ తొంభయ్యో మెట్టు దగ్గర
కాస్త ఎక్కువసేపే ఆగుతున్నాను.
వయసైపోయింది, ఊపిరి అందట్లేదు పాపం
అనుకుంటున్నారు కింద.